నాలుగో మనిషికి పంచిన ముక్కలు

మా ఇల్లు రాజోలులో కాలవ వైపు వెళ్ళే వీధిలో ఉంది. కింద రెండు గదులు, వంటిల్లు. వీధివైపు గదిలో నా కుట్టుమిషను, బట్టలు కత్తిరించే బల్ల, ఆడవాళ్ళు కొలత చూసుకోవడానికి గోడకి ఒక నిలువుటద్దం. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. మా ఆయన కరెంటు లైన్‌మన్. ఆయన, నేను, మా అత్తయ్యగారు ఉంటాం. మేడమీద ఉన్న రేకుల గదిని అద్దెకిస్తాం.

ఆ ఏడు వానాకాలానికి ముందు ఆ గదిలోకి ఒకావిడ దిగారు. యాభై దాటిన మనిషి. కాట్రేనికోన వైపు ఊరు. భర్త చిన్నవయసులోనే పోయారు, పిల్లలు లేరు. చాలా ఏళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి తిరిగొచ్చారు. సొంతూరికి వెళ్ళకుండా ఇక్కడెందుకు దిగారని అడిగితే, అక్కడ తనని గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదని చెప్పారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. అత్తయ్యగారు వదినగారూ అనేవారు.

పిన్నిగారి గురించి మాకు మొదట తెలిసిన సంగతి ఆవిడ మొహం. అందవికారం ఏమీ కాదు, చక్కని మొహమే. కానీ అది కదిలేది కాదు. నేనొకసారి ఆవిడ జాకెట్టు చేతులు బిగించి కుట్టేశాను. తీసుకొచ్చి చూపించారు. కోపమొచ్చిందో లేదో నాకు అంతు పట్టలేదు. సరిచేసి ఇస్తే బాగుందన్నారు. ఆ మాటా అదే మొహంతో, అదే గొంతుతో. ఎవరైనా కస్టమరు నా కుట్టుకి వంక పెడితే నాకు చటుక్కున కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నన్ను చూసి వాళ్ళు ఇంకో రెండు మాటలు ఎక్కువ అనేవారు. అందుకని ఆ మొహాన్ని చూసి నేను కొంచెం అసూయ పడ్డానని చెప్పాలి.

ఆ కార్తీకంలో వాయుగుండం మా వైపు తీరం దాటింది. పొద్దుటినుంచీ గాలి ఈలలు వేస్తూనే ఉంది. ఎదురింటి వాళ్ళ కొబ్బరిచెట్టు వీధికడ్డంగా పడింది. కాసేపటికి పైనుంచి పెద్ద చప్పుడు వినిపించింది. రేకులు లేచిపోయాయి. నేను గొడుగు పట్టుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తేసరికి పిన్నిగారు ఒక సంచీ, ఒక తలగడ పట్టుకుని దిగుతున్నారు. నిలువునా తడిసిపోయారు. అయినా అరువు తీసుకున్న గిన్నె తిరిగివ్వడానికి వస్తున్న మనిషిలా ఉన్నారు. "పైన రేకులు లేవండమ్మా," అన్నారు.

అత్తయ్యగారు ఆవిడకి పొడిచీర ఇచ్చి, మళ్ళీ రేకులు వేయించేదాకా కుట్టుగదిలో మంచం వేసుకోమన్నారు. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. తాటిపాక వైపు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయని, ఎప్పుడొస్తానో తెలియదని కబురు చేశారు. ఆ తర్వాత ఫోన్లు కూడా పోయాయి. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం మిగిలాం. గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. పగలే ఇంట్లో సాయంత్రంలా ఉండేది. కరెంటు లేక మిషను మోటారు తిరగదు, తొక్కుడు మిషను ఎప్పుడో అమ్మేశాం. కుట్టడానికి లేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు పేకలు తీశారు. నేల మీద దుప్పటి పరిచి, రమ్మీ ఆడదాం రమ్మని పిన్నిగారిని పిలిచారు. ఆవిడ వచ్చి కూర్చుని, పేక చేతిలోకి తీసుకుని కలిపారు. అలా కలపడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కలు రెండు భాగాలై, ఒకదానిలోకి ఒకటి దూరి, చప్పుడు కాకుండా మళ్ళీ ఒకటైపోయాయి. ఆవిడ తన వేళ్ళ వంక చూడను కూడా లేదు. వీధిలో పడిన చెట్టు వైపు చూస్తున్నారు.

"నాకు రమ్మీ రాదండి వదినగారూ," అన్నారు. "నాకొచ్చిన ఆట ఒకటే. పోకర్ అంటారు."

అత్తయ్యగారికి కొత్తదేదైనా సరదా. నేర్పమన్నారు. నేర్చుకోవడానికి పందెం ఏదో ఒకటి కావాలన్నారు పిన్నిగారు, డబ్బు అక్కర్లేదని, ఏ గింజలైనా సరిపోతాయని. నేను బొత్తాల డబ్బా తెచ్చి పోశాను. తెల్ల చొక్కా బొత్తాలు చిన్న పందేనికి, నల్ల కోటు బొత్తాలు పెద్ద పందేనికి అనుకున్నాం. డబ్బాలోంచి పడిన హుక్కులు ఏరి పక్కన పెట్టారు పిన్నిగారు.

ఆట నేను అనుకున్నంత కష్టం కాదు. మనిషికి రెండే ముక్కలు, బోర్లా. అవి మనకి తప్ప ఎవరికీ తెలియవు. ఒక్కొక్కరూ ఒక బొత్తాం మధ్యలో వేస్తారు. అప్పుడు మొదటి మాట. ఉంటావా, పెంచుతావా, ముక్కలు పడుకోబెట్టేసి తప్పుకుంటావా. తర్వాత మధ్యలో మూడు ముక్కలు అందరికీ కనబడేలా తెరుస్తారు. మళ్ళీ అదే మాట. ఇంకో ముక్క, మళ్ళీ మాట. చివరి ముక్క, చివరి మాట. మన రెండూ, మధ్యలోని అయిదూ కలిపి వాటిలో మంచివి అయిదు ఎవరికి ఉంటే వాళ్ళది గెలుపు. ఒక జత కన్నా రెండు జతలు ఎక్కువ. దానికన్నా ఒకే అంకెవి మూడు. ఆపైన వరసగా అయిదు, ఆపైన ఒకే గుర్తువి అయిదు, దానికన్నా మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్, ఆపైన నాలుగూ ఒకటే. అన్నింటి మీదా ఒకే గుర్తులో వరసగా అయిదు.

నాకు రమ్మీ అలవాటు వదల్లేదు. మూడు వరసగా కనబడితే చాలు, సీక్వెన్స్ అయిందని సంబరపడేదాన్ని. మూడు చాలవండమ్మా, అయిదు కావాలి అని పిన్నిగారు ఓపిగ్గా చెప్పేవారు. ఒకసారి చేతిలోకి రెండు రాజులు వచ్చాయి. నేను నోరెత్తలేదు. అయినా ఇద్దరూ వెంటనే ముక్కలు పడుకోబెట్టేశారు. నాకు మధ్యలో ఉన్న మూడు తెల్ల బొత్తాలు తప్ప ఏమీ రాలేదు.

"మీ ముక్కలు మీ మొహం మీద కనబడుతున్నాయండమ్మా," అన్నారు పిన్నిగారు.

అత్తయ్యగారి బాధ వేరు. అందరూ పడుకోబెట్టేస్తే మిగిలిన మనిషి తన ముక్కలు చూపించనక్కర్లేదు. ఈ రూలు ఆవిడకి మింగుడు పడలేదు. ఓడినవాళ్ళకి దేంతో ఓడామో తెలియకపోతే ఎలా అని వాదించారు. రమ్మీలో అయితే కింద పరిచి తీరాలి కదా అన్నారు. పిన్నిగారు తను గెలిచిన ముక్కల్ని పేకలో కలిపేస్తూ, చూడాలంటే చివరిదాకా ఉండాలండి, అంతే అన్నారు.

అప్పటికి ఒక సంగతి నేను గమనించాను. ముక్కలు పంచే వంతు పిన్నిగారికి వచ్చినప్పుడల్లా నాలుగు చోట్ల పడుతున్నాయి. నాకు, అత్తయ్యగారికి, తనకి, తన ఎడమపక్కన ఖాళీ దుప్పటి మీద ఇంకొకరికి. మొదటిసారి పొరపాటనుకున్నాను. అలవాటండి అని ఆవిడ తీసి పేకలో కలిపేశారు. తర్వాత మళ్ళీ పంచారు. ఈసారి తీయడం కూడా మరిచిపోయి, ఖాళీచోటు వంతు వచ్చినప్పుడు ఆట ఆపి ఊరికే కూర్చున్నారు. ఎవరో ఆలోచించుకుంటుంటే మర్యాదగా ఆగినట్టు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. 

"ఎవరికి వదినగారూ అది?" అని అత్తయ్యగారే అడిగేశారు.

పిన్నిగారు దాచలేదు. తను పనిచేసిన ఇంట్లో పెద్దావిడ ఉండేదట. గురువారం మధ్యాహ్నాలు ఆవిడ స్నేహితురాళ్ళు వచ్చేవారు, గాజుపూసలు పందెం కాసి ఈ ఆట ఆడేవారు. పెద్దావిడకి చూపు మందగించింది, చేతులు వణికేవి. ముక్కలు పట్టుకుంటే జారిపోయేవి. అందుకని పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకునేది. ముక్కలు పిన్నిగారు పట్టుకోవాలి. ఏమొచ్చాయో ఆవిడ చెవిలో చెప్పాలి. పెద్దావిడ ఎడమచెయ్యి పిన్నిగారి మణికట్టు మీద ఉండేది. ఒకసారి తడితే ఉండమని, రెండుసార్లు తడితే పెంచమని, వేళ్ళు పక్కకి లాగితే పడుకోబెట్టమని.

కుడిచెయ్యి ఏం చేసేదని నేను అడిగాను.

"నా మొహం మీద ఉండేదండి," అన్నారు. ముక్కలు చూసేటప్పుడు పిన్నిగారి చెంప కదులుతుందేమోనని ఆ ముసలావిడ వేళ్ళు ఆనించి చూసేదట. కదిలితే గోరు గుచ్చుకునేది. మొదట్లో సాయంత్రానికి చెంప మీద గీతలుండేవట. తర్వాత తర్వాత లేవు. "ఆవిడ నన్ను బాగానే చూసుకున్నారండి. ఆయ్, అన్నం పెట్టేరు, జ్వరమొస్తే మందిప్పించేరు. ఆ ఒక్కటే. మొహం మూసి ఉంచమనేవారు."

ఆవిడ ఎలా పోయిందో కూడా చెప్పారు, మేము అడక్కుండానే. అది ఒక గురువారం. చివరి ముక్క తెరిచారు. మణికట్టు మీద చెయ్యి ఉంది. పిన్నిగారు తట్టడం కోసం చూస్తున్నారు. తట్టలేదు. ఇంకాస్సేపు చూశారు. అంతసేపూ వణుకుతూ ఉండే చెయ్యి వణకడం మానేసింది. చల్లబడుతోంది. అవతలి ఆడవాళ్ళు పిన్నిగారి మొహంలోకి చూస్తున్నారు, ఏమొచ్చాయో పోల్చుకుందామని. అప్పుడు పిన్నిగారు ఉన్న పూసలన్నీ మధ్యలోకి తోసేశారు. ఒక్కొక్కరే ముక్కలు పడుకోబెట్టేశారు. పూసలన్నీ ఇవతలికి లాక్కుని, వాటిని సంచీలో పోసి, ముడివేసి, అప్పుడు చెప్పారట, అమ్మగారు పోయారని.

"ముందే చెప్పొచ్చు కదండీ," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఆట మధ్యలో మొహం మారకూడదు కదండమ్మా."

 అప్పుడు చేతిలో ఉన్న ముక్కలేమిటని అత్తయ్యగారు అడిగారు. పిన్నిగారు దుప్పటి మీది ముక్కలు పోగుచేసి పేకలో కలిపేశారు. అందరూ పడుకోబెట్టేశారు కాబట్టి చెప్పనక్కర్లేదని మాకూ అర్థమైంది.

అక్కడితో ఆ ఆట కట్టేయాల్సింది. కట్టలేదు. వాన కురుస్తూనే ఉంది, మర్నాడు మధ్యాహ్నం కూడా మాకు వేరే పని లేదు. పైగా నాకు మనసులో ఒక ఆశ పుట్టింది. ఆ మొహం ఎలా చేస్తారో తెలుసుకోవాలని. ఎవరు ఏమన్నా పైకి తేలకుండా కూర్చోవాలని. అది నేర్పమని నేనే పిన్నిగారిని అడిగాను. ఆవిడ నన్ను పరీక్షగా చూసి, అద్దానికి ఎదురుగా కాకుండా అవతలి గోడవైపు తిరిగి కూర్చోమన్నారు.

తను నా వెనక కొంచెం ఎడంగా కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఒక చెయ్యి నా మణికట్టు మీద, ఇంకో చేతివేళ్ళు నా చెంప మీద. నేను ముక్కలు చూసి, తల కొద్దిగా వెనక్కి వంచి, ఆవిడ చెవిలో చెప్పాలి. ఎదురుగా అత్తయ్యగారు. ఇద్దరూ ఒకటై నా మీద ఆడతారా అని ఆవిడ మొదట్లో నవ్వారు.

వేళ్ళు చల్లగా ఉన్నాయి. గోరు ఎక్కడా తగలలేదు. కానీ మంచి ముక్క రాగానే నా చెంప దానంతటదే ఎగరడం, ఆ వేళ్ళ కింద నాకే తెలిసేది. ఇన్నేళ్ళూ నా మొహం ఇన్నిసార్లు కదులుతోందని నాకు తెలియదు. కాసేపటికి ఎగరడం తగ్గింది. ఇంకాసేపటికి వేళ్ళు ఉన్నాయో లేదో కూడా తెలియలేదు. మొహం ఎక్కడో దూరంగా ఉన్నట్టు, నేను దాని వెనక గదిలో కూర్చున్నట్టు అనిపించింది. చెప్పకూడదు గానీ చాలా హాయిగా ఉంది. అత్తయ్యగారు నా మొహంలోకి చూసి చూసి, ఏమీ దొరక్క, తప్పుగా ఆడడం మొదలుపెట్టారు. బొత్తాలన్నీ మా వైపు చేరుతున్నాయి.

ఇక ఆ చివరి ఆట. నాకు కళావరు ఏడు, ఆఠీను రెండు వచ్చాయి. అంతకన్నా పనికిరాని ముక్కలు లేవని అప్పటికే తెలుసు. చెవిలో చెప్పాను. మణికట్టు మీద ఒకసారి తట్టారు. ఉన్నాను. మధ్యలో తెరిచిన మూడింటిలో నాకు పనికొచ్చేది ఏదీ లేదు. ఒక రాజు, ఒక జాకీ, ఒక తొమ్మిది. మళ్ళీ ఒకసారి తట్టారు. నాలుగో ముక్క ఇంకో రాజు. అత్తయ్యగారు నల్ల బొత్తాలు పెంచారు. ఆవిడ దగ్గర మూడో రాజు ఉన్నట్టే ఉంది. ఇక్కడ పడుకోబెట్టేయమంటారనుకున్నాను. మళ్ళీ ఒకసారి తట్టారు.

చివరి ముక్క తెరిచారు అత్తయ్యగారు. ఇస్పేటు నాలుగు. నా చేతిలో ఏమీ లేదు. మణికట్టు మీద చెయ్యి బరువుగా ఉంది. అంతవరకూ స్థిరంగా ఉన్న చెయ్యి అప్పుడు వణకడం మొదలుపెట్టింది. చలికి వణికినట్టు కాదు. లోపల ఎముక వణికినట్టు, చిన్నగా, ఆగకుండా. నేను వెనక్కి తిరగలేదు. తిరగాలని తోచనే లేదు. అప్పుడు రెండుసార్లు తట్టింది.

నేను నా ముందున్న బొత్తాలన్నీ రెండు చేతులతో మధ్యలోకి తోసేశాను. అత్తయ్యగారు నా వంక చూశారు. ఆవిడ మొహంలో సరదా పోయింది. ముక్కలు పడుకోబెట్టేశారు.

"అమ్మాయ్," అన్నారు నెమ్మదిగా. "అలా ఉండకు. నాకు భయమేస్తోంది."

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. వంటింట్లోంచి పాలగిన్నె దించుతున్న చప్పుడు వినిపించింది. పాలు పొంగుతున్న వాసనొచ్చి పిన్నిగారు లేచి వెళ్ళారని, చివరి ముక్క తెరవకముందే వెళ్ళారని అత్తయ్యగారు చెప్పారు.

చెయ్యి ఎత్తేసిన తర్వాత కూడా ఆ బరువు ఒంటి మీద కాసేపు ఉంటుందంటారు. గాజులు తీసేశాక మణికట్టుకి ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది కదా. అలాంటిదే అయ్యుండొచ్చు. లేదా పిన్నిగారు ఎప్పుడు లేచి వెళ్ళారో అత్తయ్యగారే సరిగా గమనించి ఉండకపోవచ్చు. నేను దాని మీద ఎవరితోనూ వాదించను. నాకు రెండుసార్లు తట్టినట్టు తెలిసింది, ఆ మాట మాత్రం నిజం.

ఆ సాయంత్రమే మా ఆయన వచ్చారు. బురదకొట్టుకుపోయి ఉన్నారు. నీళ్ళు కాచి పోస్తే స్నానం చేసి, పళ్ళెం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా చెప్పారు. స్తంభం నిలబెట్టడానికి గొయ్యి తవ్వుతున్నారట. తాగడానికి నీళ్ళు తెచ్చుకుందామని ఈయన నాలుగడుగులు పక్కకి జరిగారట. అంతవరకూ తను నిలబడిన చోటికే, పక్కన ఒరిగి ఉన్న తాడిచెట్టు కూలిపడిందట. తోటి మనిషి కాలు విరిగింది, ఆయన్ని అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చెబుతుంటే మా ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. అత్తయ్యగారు గట్టిగా ఏడ్చేశారు. కొడుకు తల నిమిరి, ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న దగ్గరికి వస్తానని అక్కడికక్కడే మొక్కుకున్నారు.

నేను గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. లోపల గుండె దడదడా కొట్టుకుంటోంది.  ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు.

"నీకేం అనిపించలేదా?" అన్నారు.

అనిపించిందని చెప్పాను. చెప్పిన గొంతు జాకెట్టు చెయ్యి కొంచెం బిగిసిందని చెప్పే గొంతులా ఉంది. ఆయన తల దించుకుని అన్నం కలుపుకున్నారు.  పొద్దున్నే మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయారు, చెప్పి వెళ్ళడం కూడా అత్తయ్యగారికే చెప్పి వెళ్ళారు.

ఆయన వెళ్ళాక నేను కుట్టుగదిలో నిలువుటద్దం ముందు నిలబడ్డాను. నవ్వడానికి ప్రయత్నించాను. నవ్వు వచ్చింది, కానీ నేను అనుకున్న తర్వాత ఇంకాస్త ఆగి వచ్చింది. కనుబొమలు ముడివేశాను. అదీ అంతే. ఎవరో నన్ను చూసి, అర్థం చేసుకుని, తర్వాత చేస్తున్నట్టు. మంచం మీద కూర్చుని తన చీరలు మడత పెట్టుకుంటున్న పిన్నిగారు అద్దంలో కనబడుతున్నారు. నన్నే చూస్తున్నారు.

"దీన్ని మళ్ళీ ఎలా తెరుస్తారండీ?" అని అడిగాను.

ఆవిడ చేతిలో చీర అలాగే ఆగిపోయింది. అది తనని ఎవరూ అడగని ప్రశ్న అనుకుంటాను. "నాకు తెలీదండమ్మా," అన్నారు. "పెద్దావిడ మూయడమే నేర్పేరు."

ఆ మాటకి నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు.

అత్తయ్యగారు ఆ రోజునుంచి పేకలు ఎక్కడో దాచేశారు. నాతో ఎప్పుడూ లేనంతగా మాట్లాడడం మొదలుపెట్టారు. వీధిలో ఎవరి గేదె ఎవరి పెరట్లో పడింది, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు, అన్నీ. మాట్లాడుతూ నా మొహమే చూసేవారు. నేను ఊఁ కొట్టేదాన్ని. వాన వెలిసింది. ఫోన్లు వచ్చాయి, కొన్నాళ్ళకి కరెంటు వచ్చింది. పైన కొత్త రేకులు వేయించాం, పిన్నిగారు మేడమీదికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు బట్టలు తెచ్చి ఇస్తున్నారు. ఒకావిడ జాకెట్టు మెడ లోతెక్కువైందని పెద్దగా తగువేసుకుంది. నేను కదలకుండా విన్నాను. ఆవిడే మాట తడబడి, సరేలెమ్మా అని వెళ్ళిపోయింది. నేను కోరుకున్నదే. అయినా ఆవిడ వెళ్ళాక గదిలో ఒక్కదాన్నే కూర్చోవాలంటే భయమేసింది.

ఒక మధ్యాహ్నం అత్తయ్యగారు ఆకూవక్కా నోట్లో వేసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. నాలాగే మొహం పెట్టి చూపిస్తానన్నారు. కళ్ళు పెద్దవి చేసి, పెదాలు బిగించి, ఊపిరి ఆపి బొమ్మలా కూర్చున్నారు. ఎంతోసేపు కాలేదు. పెదవి చివరనుంచి ఎర్రటి రసం సన్నగా గడ్డం మీదికి దిగడం మొదలైంది. తుడుచుకుంటే ఓడిపోయినట్టే కాబట్టి తుడుచుకోరు. అది కారి కారి తెల్లచీర మీద పడబోతుంటే ఆవిడ కళ్ళు మాత్రం గిరగిరా కిందికి తిరిగాయి. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపలేకపోయాను. నవ్వి నవ్వి అది ఏడుపైంది. మా ఆయన నిలబడిన చోట పడిన తాడిచెట్టు అప్పుడు గుర్తొచ్చింది. అత్తయ్యగారు నా తల ఒళ్ళోకి తీసుకుని ఏడవనిచ్చారు. రాత్రి భోజనానికి వచ్చిన మా ఆయన నా కళ్ళు వాచి ఉండడం చూసి ఏమైందని అడిగారు. చెప్పబోయి మళ్ళీ నవ్వేశాను, ఆయన మొహం తేటపడింది.

సంక్రాంతి వెళ్ళాక పిన్నిగారికి కువైట్ నుంచి ఫోన్లు రావడం మొదలైంది. పెద్దావిడ కూతురట. ఆమెకి కూడా చేతులు వణుకుతున్నాయట, చూపు తగ్గుతోందట. గురువారాలు ముక్కలు పట్టుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని అడుగుతోందట. వయసు మీద పడ్డాక మళ్ళీ ఎందుకండీ అని నేను బతిమాలాను. పిన్నిగారు నా తలుపు దగ్గర నిలబడి, ఇక్కడ మధ్యాహ్నాలు పొద్దుపోవడం లేదండమ్మా అన్నారు. ఎప్పటి మొహమే. బాధపడుతున్నారో సంతోషంగా ఉన్నారో నాకు తెలిసే వీలు లేదు. మా ఆయన బండి మీద తీసుకెళ్ళి హైదరాబాదు బస్సు ఎక్కించి వచ్చారు.

వేసవిలో ఒకరోజు ఆవిడ దగ్గరనుంచి ఫోనులో వాయిస్ మెసేజి వచ్చింది. కుట్టుగదిలో నేను, అత్తయ్యగారు కలిసి విన్నాం. కులాసాగా ఉన్నానని, ఎండలు మండిపోతున్నాయని చెప్పారు. వెనక ఆడవాళ్ళ గొంతులు, గాజు మీద గాజు తగిలిన చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు చాలా దగ్గరగా, ఫోనుకి నోరు ఆనించినట్టు ఏదో అడిగింది. భాష తెలియకపోయినా అది ప్రశ్నేనని తెలిసింది. పిన్నిగారు తెలుగులో చెప్పారు.

"మీరు బాగా నేర్చుకున్నారని చెప్పేనండమ్మా. నా తర్వాత మీరు వస్తారా అని అడుగుతున్నారు. వీసా వాళ్ళే పంపిస్తారంట."

మెసేజి అయిపోయింది. నేను ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను. మా అత్తయ్యగారికి ఆ ఫోను వాడడం సరిగా రాదు. అయినా నా చేతిలోంచి తీసుకుని, ఎక్కడ నొక్కాలో అడిగి, నొక్కిపట్టి, గొంతు సవరించుకుని జవాబు చెప్పారు.

"వదినగారూ, మా అమ్మాయికి ఇక్కడ చేతినిండా పనుందండి. రాదు. మీరు మందులు వేసుకోండి."

వేలు తీసేసి, వెళ్ళిందా అని నన్ను అడిగారు. వెళ్ళిందన్నాను. అవతల విన్నట్టు గుర్తు పడేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.